ఒకే రంగు ఫోన్‌లో ఒకలా, పౌచ్ మీద ఒకలా, బోర్డు మీద ఇంకోలా: బ్రాండ్ రంగు ఎలా తేల్చుకోవాలి?

హార్బర్‌రోడ్ అడిగినది

నమస్తే అండి. శుభ్రం చేసి ముక్కలు కోసిన వంజరం, చందువ, రొయ్యలు 500 గ్రాముల పౌచుల్లో గడ్డకట్టించి అమ్ముతున్నాం. విశాఖలో రెండు షాపులు, ఎంవీపీ కాలనీలో ఒకటి, గాజువాకలో ఒకటి. నాలుగు డెలివరీ బళ్లు. ఇన్నాళ్లూ ఏ ప్రింటర్ ఏ రంగు వేస్తే అదే మా రంగు. ఇక దీన్నొక కొలిక్కి తేవాలి.

డిజైనర్ రెండు దారులు చూపించారు. ఒకటి ముదురు నెమలికంఠం: ఆర్ 0, జీ 109, బీ 119. రెండోది ఉడికిన రొయ్య నారింజ: ఆర్ 255, జీ 107, బీ 53. సాంపిళ్లు కొట్టించాం. నెమలికంఠం ఫోన్‌లో మెరిసిపోతోంది. పౌచ్ మీద బూడిద కలిసినట్టు మాసిపోయింది, ఫ్లెక్స్ మీద నీలం తిరిగింది, టీషర్టు మీద ఆకుపచ్చగా వచ్చింది. ముగ్గురికీ ఇచ్చింది ఒకే ఫైలు.

రెండిట్లో ఏది తీసుకోవాలి? తీసుకున్నాక అన్ని చోట్లా ఒకేలా రావాలంటే ఎవరికి ఏం చెప్పాలి? ఇంకొకరు మన రంగు వాడకుండా ఆపే వీలుందా? తెలిసినవాళ్లు వివరంగా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

సిరిపురం_స్టూడియో

మొదటి ప్రశ్నకు నా జవాబు: నెమలికంఠమే తీసుకోండి, కానీ ఇప్పుడున్న చోట నుంచి కొంచెం ఆకుపచ్చ వైపు జరపండి. కారణాలు చెబుతాను.

రంగు అందంగా ఉందా లేదా అన్నది రెండో మాట. అది ఎవరి పక్కన నిలబడబోతోంది అన్నది మొదటి మాట. ఊళ్లో ఐదారు సూపర్ మార్కెట్లకు వెళ్లి ఫ్రీజర్లకు రెండు మీటర్ల దూరంలో నిలబడి ఫొటోలు తీయండి. వాటిని ఏ3 కాగితం మీద ప్రింట్ తీసి, మీ డమ్మీ పౌచ్ బొమ్మను అదే సైజులో కత్తిరించి మధ్యలో అంటించండి. తర్వాత అదే ఫొటోను నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. గడ్డకట్టిన సరుకు, చేపలు, మంచు అనేసరికి అందరూ లేత నీలం, ముదురు నీలం, తెలుపే పట్టుకుంటారు. మీ రంగు నీలం వైపు ఒక్క అడుగు వేసినా ఆ గుంపులో కలిసిపోతుంది. ఆకుపచ్చ వైపు జరిగి, కొంచెం ముదురైతే రెండు ఫొటోల్లోనూ విడిగా కనబడుతుంది.

ఫ్రీజర్‌లో అయితే నారింజే బాగా నిలబడుతుంది, ఒప్పుకుంటాను. మీకు అడ్డం వచ్చేది రోడ్డు. సాయంత్రం ఏడింటికి ఏ జంక్షన్‌లో నిలబడి చూసినా నారింజ పెట్టె కనబడితే స్విగ్గీ, ఎరుపు కనబడితే జొమాటో, పసుపు కనబడితే ర్యాపిడో అనుకుంటాం. అంత డబ్బు పెట్టి వాళ్లు జనం కళ్లకు అలవాటు చేసిన రంగుతో మీ నాలుగు బళ్లు తిరిగితే, మీ ఖర్చుతో వాళ్లకు ప్రచారం చేసినట్టే. అందుకని నారింజను చిన్న చోటికి పరిమితం చేయండి: పౌచ్ మీద వంద పాళ్లలో 60 నెమలికంఠం, 30 బియ్యప్పిండి లాంటి తెలుపు, 10 నారింజ. చేప పేరు రాసే పట్టీకి, బరువు రాసే బిళ్లకు ఆ పది చాలు. బండి పెట్టె మీద మాత్రం నారింజ అసలు వద్దు.

మన రాష్ట్రంలో చూసుకోవాల్సింది ఇంకోటుంది. పసుపు, నీలం-ఆకుపచ్చ-తెలుపు, ఎరుపు-తెలుపు, కాషాయం, ఇవన్నీ పార్టీ జెండాలుగా జనం చదివే రంగులు. పంచాయతీ భవనాలకు పార్టీ రంగుల వ్యవహారం 2020లో హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇక్కడ రంగుకు అంత బరువుంది. మీ నెమలికంఠం ఒక్కటే ఉంటే ఏ ఇబ్బందీ లేదు. దాని పక్కన తెల్ల చార, ఆకుపచ్చ చార వరసగా పెడితే మాత్రం చూసేవాళ్లు వేరే అర్థం తీసుకుంటారు. చారల డిజైనే వద్దు.

‘నీలం అంటే నమ్మకం, ఎరుపు అంటే ఆకలి’ అనే చార్టులను పట్టుకుని నిర్ణయం తీసుకోకండి. బాటమ్లీ, డాయిల్ అనే ఇద్దరు 2006లో చేసిన అధ్యయనం ఇంతకన్నా పనికొస్తుంది: రంగు ఒంటరిగా పనిచేయదు, సరుకుకు తగినట్టు ఉందా అన్నదాన్ని బట్టే జనం దాన్ని మెచ్చుకుంటారు. పని జరగడం కోసం కొనే వస్తువులకు నీలం, అనుభూతి కోసం కొనేవాటికి ఎరుపు ఎక్కువ నప్పినట్టు తేలింది. ముక్కలు కోసి శుభ్రం చేసిన చేప అంటే సగం పని తప్పించడం, సగం రుచి. చల్లటి రంగు ఎక్కువ, వేడి రంగు తక్కువ అన్న లెక్క అందుకే మీకు సరిపోతుంది.

ఆఖరి జాగ్రత్త, మన భాషలోనిదే. ఫోన్‌లో రంగు పేరు చెప్పి ఆర్డర్ ఇవ్వకండి. ‘పచ్చ’ అంటే ఒకరికి పసుపు, ఒకరికి ఆకుపచ్చ. పచ్చకామెర్లూ పచ్చే, పచ్చగడ్డీ పచ్చే. నెమలికంఠం ఇంకా చిక్కు. చీరలో అది ఒక్క రంగు కాదు. పడుగు నీలం, పేక ఆకుపచ్చ వేసి నేస్తారు. కొంగు ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే ఆకుపచ్చ మెరుస్తుంది. ఆ మెరుపు ఏ సిరాతోనూ రాదు. మీరు ఆ పేరు చెప్పగానే ప్రింటర్ మనసులో ఏ చీర మెదిలితే ఆ రంగు వస్తుంది. పాన్‌టోన్ (ప్రతి రంగుకూ నంబరున్న రంగుల పుస్తకం) చిప్పు, అంటే రంగు నమూనా ముక్క, చేతికిచ్చి మాట్లాడండి. మీరిచ్చిన అంకెలకు దగ్గర్లో చూడాల్సినవి 3145, 3155.

రీల్_టు_రీల్

గ్రావ్యూర్ (చెక్కిన సిలిండర్లతో పౌచులు అచ్చువేసే పద్ధతి) ప్రీప్రెస్, అంటే అచ్చుకు ముందు ఫైళ్లు సిద్ధం చేసే వైపు నుంచి రాస్తున్నాను. మీరు ఒకే ఫైలు ఇచ్చారు కాబట్టే మూడు రంగులు వచ్చాయండి. ఆర్‌జీబీ అంకెలు తెర ఎంత వెలుగు వెయ్యాలో చెబుతాయి. సిరా ఎంత పడాలో వాటిలో ఉండదు. ప్రతి యంత్రమూ ఆ అంకెలను తన సిరాలకు తనే అనువదించుకుంటుంది. ఫోన్ కూడా నిజం చెప్పదు. చాలా అమోలెడ్ ఫోన్లలో వివిడ్ మోడ్ వేసే ఉంటుంది, రంగును ఇంకాస్త పెంచి చూపిస్తుంది. ఫోన్‌లో చూసి ఓకే చెప్పడం ఈ రోజుతో మానేయండి.

మాసిపోయినట్టు ఎందుకొచ్చిందంటే, మీ నెమలికంఠాన్ని నాలుగు రంగులతో కట్టారు. సియాన్ (లేత నీలం సిరా) దాదాపు పూర్తిగా, పసుపు సగం దాకా, ముదురు చేయడానికి మెజెంటా (ముదురు గులాబీ సిరా), నలుపు కొంత. యంత్రం నడుస్తుండగా పసుపు కాస్త పెరిగితే ఆకుపచ్చ తిరుగుతుంది, తగ్గితే నీలం తిరుగుతుంది. మెజెంటా కాస్త పెరిగితే బూడిద అవుతుంది. మీ పౌచ్ మీద జరిగింది చివరిది.

దీనికి మందు స్పాట్ కలర్. మీ రంగును సిరాగానే కలిపించి, దానికి సొంతంగా ఒక సిలిండర్ చెక్కించండి. ఒక సిలిండర్ ఖర్చు అదనం, నిజమే, కానీ ఒకసారి పెట్టేదే. డిజైన్ మారనంతకాలం ప్రతి రన్‌కూ (అచ్చు విడతకూ) అదే వాడతారు. పైగా మీ అదృష్టం కొద్దీ ఈ రంగు థాలోసయనిన్ నీలం, థాలోసయనిన్ ఆకుపచ్చ అనే రెండు పిగ్మెంట్లతోనే వచ్చేస్తుంది. రెండూ ఎండకు బాగా తట్టుకునేవి, మామూలుగా దొరికేవి. నారింజ పిగ్మెంట్లలో చాలావాటికి ఆ ఓర్పు ఉండదు. నాలుగు రంగుల్లో కడితే నారింజ ఇటుక రంగులోకి దిగిపోతుంది కూడా.

తర్వాత తెలుపు. పౌచ్ అచ్చు వెనక వైపు నుంచి పడుతుంది. 12 మైక్రాన్ల పెట్ (పాలియెస్టర్ ప్లాస్టిక్) ఫిల్మ్ లోపలి ముఖం మీద ముందు రంగులు, అన్నిటికన్నా ఆఖర్న తెలుపు, దాని మీద గమ్ము, ఆపైన పాలీ పొర. అంటే మీ రంగుకు గోడ ఆ తెలుపే. అది పల్చగా ఉంటే వెనకున్న చేప, రక్తపు నీరు, మంచు అన్నీ రంగులోకి తొంగిచూస్తాయి. పరీక్ష చాలా తేలిక: ముద్రించిన ఫిల్మ్ ముక్కను ఒకసారి తెల్ల అట్ట మీద, ఒకసారి నల్ల అట్ట మీద పెట్టి చూడండి. రెండు చోట్లా రంగు దాదాపు ఒకేలా ఉండాలి. నల్ల అట్ట మీద మురికిగా కనబడితే తెలుపు చాలలేదు, రెండో తెలుపు యూనిట్ వేయించాలి.

రన్ నడుస్తుండగా సాల్వెంట్ ఆవిరై సిరా చిక్కబడుతుంది, రంగు ముదురుతుంది. విశాఖ ఉక్కపోతకు ఆరడం కూడా ఒక్కో రోజు ఒక్కోలా ఉంటుంది. ప్రెస్సువాళ్లు బీ4 కప్పుతో చిక్కదనం చూస్తారు. మామూలుగా 15 నుంచి 18 సెకన్ల మధ్య ఉంచుతారు. ప్రతి రీలు మార్పుకూ ఆ అంకె రాసిపెట్టమనండి. రాసే అలవాటున్న ప్రెస్సులోనే రంగు నిలబడుతుంది.

ఓకే చేయడం ట్యూబ్‌లైటు కింద వద్దు. 5000 కెల్విన్ల (పగటి వెలుగు లాంటి తెల్ల కాంతి) లైట్‌బాక్స్ ఉంటే అందులో, లేకపోతే పగలు పది నుంచి మూడు మధ్య గుమ్మం దగ్గర నీడలో చూడండి. ఒక దీపం కింద కలిసిన రెండు రంగులు ఇంకో దీపం కింద విడిపోతాయి, దాన్ని మెటామెరిజం అంటారు. అందుకే మీ షాపు ఫ్రీజర్ ఎల్ఈడీ కింద కూడా ఒకసారి పెట్టి చూడాలి. కొలిచే యంత్రం ఉన్న ప్రెస్సయితే డెల్టా ఈ 2000 (రెండు రంగుల తేడాను అంకెలో చెప్పే లెక్క) ప్రకారం తేడా 2 దాటకూడదని రాయించుకోండి. 1 లోపు తేడాను కన్ను పట్టలేదు. 3 దాటితే పక్కపక్కన పెట్టినప్పుడు మామూలు మనిషికీ తెలిసిపోతుంది.

ఇంకొకటి. మీది మాంసాహారం కనుక చతురస్రంలో త్రిభుజం గుర్తు ఉండాలి, అది గోధుమ రంగులోనే ఉండాలి. బ్రాండ్ రంగుకు నప్పలేదని దాన్ని మార్చడానికి వీల్లేదు. ముదురు నెమలికంఠం మీద గోధుమ రంగు మునిగిపోతుంది, కాబట్టి దాని కింద తెల్ల గడి వదలమని డిజైనర్‌కు ఇప్పుడే చెప్పండి. సిలిండర్ చెక్కాక గుర్తొస్తే మళ్లీ ఖర్చు.

హార్బర్‌రోడ్

చాలా థాంక్స్ అండి. బోర్డుల సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా? ఎంవీపీ షాపు తూర్పు ముఖం, సముద్రపు గాలి నేరుగా తగులుతుంది. గాజువాకది మెయిన్ రోడ్డు మీద, దుమ్ము ఎక్కువ.

గాజువాక_సైన్స్

ఫ్లెక్స్ నీలం తిరగడం మొదటి రోజే చూసారు కదా, ఆర్నెల్లు ఆగితే ఇంకా తిరుగుతాది. ఎండకి ముందు పోయేవి పసుపు, మెజెంటా సిరాలు. సియాన్, నలుపు ఆఖరికి మిగుల్తాయి. మన రోడ్ల మీద పాత ఫ్లెక్సులన్నీ నీలంగా వెలిసిపోయి కనబడ్డానికి కారణం అదే. కాబట్టి శాశ్వతంగా ఉండే బోర్డుకి ఈ రంగుని ప్రింటు కొట్టించకండి. రంగు పదార్థంలోనే ఉండాలి.

ఏసీపీ (రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్) షీటు మీదయితే రంగు కలిసే తయారయిన వినైల్ అంటించాలి. అందులో క్యాలెండర్డ్ అని ఒకటి, కాస్ట్ అని ఒకటి ఉంటాది. క్యాలెండర్డ్‌కి కంపెనీలు మూడు నుంచి ఐదేళ్లు చెప్తాయి, కాస్ట్‌కి ఏడు నుంచి పదేళ్లు. ఆ లెక్కలు చల్లటి దేశాలకి చెప్పినవి, మన ఎండకి కొన్నేళ్లు తీసేసుకోండి. క్యాలెండర్డ్ తొందరగా కుంచించుకుపోయి అంచుల దగ్గర గమ్ము బయటపడతాది, దాని మీద దుమ్ము పట్టి అక్షరం చుట్టూ నల్ల గీత కనబడతాది. షాపు ముందు బోర్డుకి కాస్ట్ తీసుకోండి. తలుపు మీద ఆఫర్ స్టిక్కర్‌కి క్యాలెండర్డ్ చాలు.

వెనక లైటు బోర్డయితే పాలతెలుపు యాక్రిలిక్ 3 ఎంఎం, దాని మీద ట్రాన్స్‌లూసెంట్ (వెలుగు దూరే) వినైల్. మామూలు వినైల్ వేస్తే పగలు బాగుంటాది, రాత్రి లైటెయ్యగానే అక్షరం నల్లగా అయిపోతాది. ఎల్ఈడీ మాడ్యూల్ 6500 కెల్విన్ అడగండి. వార్మ్ వైట్ 3000 వేస్తే ఆ పసుపు వెలుగు కలిసి నెమలికంఠం పాచి రంగులోకి వెళ్తాది. ఓకే చెప్పేముందు చీకటి పడ్డాక ఒకసారి లైటేసి చూపించమనండి. పగలు మాత్రమే చూసి డబ్బులిచ్చేసినవాళ్లే తర్వాత గొడవపడతారు.

తూర్పు ముఖం, సముద్రం గాలి అన్నారు. అక్కడ రంగుకన్నా ముందు ఫ్రేమ్ పోతాది. ఎంఎస్ (మామూలు ఉక్కు) ఫ్రేమ్‌కి ప్రైమర్ వేసినా స్క్రూ కన్నం దగ్గర తుప్పు మొదలయ్యి, వాన పడ్డప్పుడల్లా ఎర్ర చారలు కిందికి కారి మీ తెలుపంతా పాడయిపోతాది. అల్యూమినియం ఫ్రేమ్, ఎస్ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీలు) స్క్రూలు, మధ్యలో నైలాన్ వాషర్. వాషర్ లేకపోతే రెండు లోహాల మధ్య ఉప్పు తేమ చేరి అల్యూమినియం తెల్లగా పొడి రాలిపోతాది. ఎస్ఎస్ 304 ఊరి లోపలికి సరిపోతాది, బీచి పక్కన మచ్చలు పడతాది.

లోహం మీద రంగు కావాలంటే పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి వేడికి కరిగించి అంటించేది). ఆ షాపుల్లో పాన్‌టోన్ నంబరు చెప్తే పని జరగదు, రాల్ నంబరు (పెయింట్లకి వాడే రంగుల జాబితాలో నంబరు) చెప్పాలి. మీ రంగుకి రాల్ 5021 దగ్గరగా ఉంటాది. పౌడరు పాలియెస్టర్‌దే అవ్వాలి. ఎపాక్సీ తక్కువకి వస్తాది గానీ బయట పెడితే ఎండకి సున్నం రాసినట్టు తెల్లబడిపోతాది, వేలితో రాస్తే అంటుకుంటాది. బిల్లు మీద ‘పాలియెస్టర్, ఎక్స్‌టీరియర్’ అని రాయించుకోండి.

గాజువాక దుమ్ముకి, వన్‌టౌన్‌లో పోర్టు బొగ్గు మసికి లేత రంగులు నిలవవు. అక్కడ నేల రంగు నెమలికంఠం, అక్షరాలు తెలుపు పెట్టండి. ఎంవీపీలో కావాలంటే తిరగెయ్యొచ్చు. నెలకోసారి మంచినీళ్లతో మెత్తని గుడ్డ పెట్టి కడిగితే ఉప్పు పేరుకోదు. సబ్బు పొడి, పీచు వద్దు, గీతలు పడ్డ చోటే రంగు ముందు పోతాది.

సిరిపురం_స్టూడియో

బోర్డువాళ్ల మాట నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను, ఒక్క చోట తప్ప. ఒక షాపుకు ముదురు నేల, ఇంకో షాపుకు తెల్ల నేల పెట్టించకండి. రెండే షాపులున్నప్పుడు రెండూ ఒకేలా ఉంటేనే రంగు జనానికి అలవాటవుతుంది. ఎక్కువ కష్టం ఉన్న చోటుకు ఏది నప్పుతుందో అదే అన్ని చోట్లా పెట్టండి: ముదురు నేల, తెల్ల అక్షరం. యూపీఎస్ బళ్ల గోధుమ రంగు 1916 నాటిది, ఆ రంగు మీద దుమ్ము కనబడదన్నది దాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం. పుట్టింది పని కోసమే అయినా వందేళ్లలో ఆ రంగే ఆ కంపెనీకి ముఖం అయింది.

గాజువాక_సైన్స్

ఆ మాట కరెక్టే సార్. ముదురు నేలే రెండు చోట్లా పెట్టండి.

బటన్_సైజు

ఆర్డర్ యాప్, వాట్సాప్ క్యాటలాగ్ ఉన్నాయి కాబట్టి తెర సంగతి నేను చెబుతాను. డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలన్న ప్రమాణం) నియమం ప్రకారం మామూలు సైజు అక్షరానికి, దాని వెనక నేలకు మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) 4.5 కి 1 ఉండాలి, పెద్ద అక్షరానికి 3 కి 1 చాలు. మీ అంకెలతో లెక్క వేశాను. నెమలికంఠం మీద తెల్ల అక్షరం 6.1 వస్తుంది, హాయిగా చదవొచ్చు. నారింజ బటన్ మీద తెల్ల అక్షరం 2.8 మాత్రమే, పెద్ద అక్షరానికి కూడా చాలదు. ఎండలో బండి దగ్గర నిలబడి ఫోన్ చూసే డెలివరీ కుర్రాడికి అది కనబడదు. అదే నారింజ మీద నల్ల అక్షరం 7.4. నారింజ బటన్ కావాలంటే అక్షరం నలుపు పెట్టండి. తెలుపు నేల మీద నారింజ అక్షరాలే కావాలంటే ఆర్ 200, జీ 70, బీ 20 దాకా ముదురు చేయాలి, అప్పుడు 4.8 వస్తుంది.

నెమలికంఠం నేల మీద నారింజ అక్షరం మాత్రం ఎక్కడా పెట్టకండి. చూడ్డానికి జిగేల్‌మంటుంది, కాంట్రాస్ట్ చూస్తే 2.1. రంగులు ఎంత దూరంగా ఉన్నా వెలుగులో దగ్గరైతే అక్షరం అంచులు అదురుతున్నట్టు ఉంటాయి. పౌచ్ మీద ధర, తేదీకి కూడా ఇదే వర్తిస్తుంది.

‘స్టాక్ ఉంది’ ఆకుపచ్చ చుక్క, ‘అయిపోయింది’ ఎర్ర చుక్క అని రంగుతోనే చెప్పొద్దు. మగవాళ్లలో కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. చుక్క పక్కన మాట రాయండి.

మధురవాడ_కార్టన్

సిరా, చిప్పుల గురించి పెద్దలు చెప్పినవన్నీ పౌచ్‌కు సరే. అట్టపెట్టెలకు అంత తాపత్రయం వద్దు అంటాను. గోధుమ రంగు క్రాఫ్ట్ అట్ట మీద ఏ రంగు పడినా ఆ గోధుమ కలిసే కనబడుతుంది. మీ నెమలికంఠం అక్కడ నాచు రంగు అవుతుంది. ఏ నంబరు చెప్పినా అంతే. పై పొర తెల్ల అట్ట తీసుకుంటే రంగు వస్తుంది, పెట్టె ఖరీదు పెరుగుతుంది. హోటళ్లకు వెళ్లే హోల్‌సేల్ పెట్టెల మీద ఒక్క నలుపుతో లోగో వేయించి, మూత మీద అతికించే టేపును మీ రంగులో చేయించండి. టేపు ప్లాస్టిక్ మీద తెల్ల నేలతో వస్తుంది కాబట్టి రంగు సరిగ్గా కూర్చుంటుంది. ఫ్లెక్సో (అట్టపెట్టెల మీద మెత్తటి అచ్చుతో వేసే ముద్రణ) మీద లేత షేడ్లు, గ్రేడియెంట్లు పెట్టకండి. ముడతల అట్ట మీద చారలు చారలుగా వస్తాయి. నిండు రంగు, మందమైన అక్షరం, అంతే.

క్లాస్_29

మూడో ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ట్రేడ్ మార్క్స్ చట్టం 1999 సెక్షన్ 2 లో ‘మార్క్’ నిర్వచనం రంగుల కలయికను కూడా కలుపుకుంటుంది. అంటే రెండు మూడు రంగులు ఒక పద్ధతిలో అమరిస్తే దానికి దారి ఉంది. ఒక్క రంగును మాత్రం సొంతం చేసుకోవడం చాలా కష్టం. ఆ రంగు చూడగానే జనం మీ పేరే అనుకుంటున్నారని ఏళ్ల తరబడి అమ్మకాలు, ప్రకటనల ఆధారాలతో చూపించాలి. కొత్త కంపెనీకి అది కుదరని పని. టిఫనీ రంగుకు పాన్‌టోన్‌లో 1837 అని, ఆ కంపెనీ పుట్టిన ఏడాదినే నంబరుగా పెట్టారు. అలాంటి కంపెనీల వెనక ఎన్నో ఏళ్ల వాడకం ఉంది.

ముందు చేయాల్సింది ఇది: పేరు, లోగోలను నలుపు తెలుపుల్లో దాఖలు చేయండి. సెక్షన్ 10 ప్రకారం రంగు పరిమితి లేకుండా నమోదైన మార్కు అన్ని రంగులకూ నమోదైనట్టే. రంగులో దాఖలు చేస్తే రక్షణ ఆ రంగుకు కుదించుకుపోయే ప్రమాదం ఉంది, రేపు మీరు రంగు మార్చుకున్నా చిక్కే. చేపలు, రొయ్యల ఉత్పత్తికి క్లాస్ 29, షాపుకు క్లాస్ 35. ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే ఒక్కో క్లాసుకు వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. చిన్న పరిశ్రమ లెక్కలో రావాలంటే ఉద్యం సర్టిఫికెట్ జత చేయాలి. మన రాష్ట్రం చెన్నై రిజిస్ట్రీ కిందికి వస్తుంది. నమోదైతే పదేళ్లు, ఆపైన పదేళ్లకోసారి రెన్యువల్.

అంటే రంగుకు రక్షణే లేదనుకోకండి. 2003లో ఢిల్లీ హైకోర్టు కోల్గేట్, యాంకర్ పళ్లపొడి కేసులో ఎరుపు తెలుపు డబ్బా అమరికను కాపాడింది. అక్షరాస్యత లేని కొనుగోలుదారు పేరు చదవడు, రంగులు, డబ్బా ఆకారం చూసి తీసుకుంటాడు అన్నది అక్కడ బలంగా పనిచేసిన వాదన. మీరు చేయాల్సిందల్లా ఇప్పటి నుంచీ ఆధారం పోగేయడం: ప్రతి రన్ తర్వాత తేదీతో పౌచ్ ఒకటి, ఇన్వాయిస్ ఒకటి, బోర్డు ఫొటో ఒకటి దాచండి. రన్ రన్‌కూ రంగు మారుతూ ఉంటే ఆ ఫైలు మీకే ఎదురు తిరుగుతుంది, ‘మీ రంగు ఏది?’ అని అవతలి లాయరు ముందు అడిగేది అదే.

హార్బర్‌రోడ్

రీల్_టు_రీల్ గారూ, నల్ల అట్ట పరీక్ష ఇప్పుడే చేశాను. తెల్ల అట్ట మీద బాగానే ఉంది, నల్ల అట్ట మీద పూర్తిగా పాచిపట్టినట్టు ఉంది. తెలుపు ఒక పొరే వేశామని ప్రింటర్ ఒప్పుకున్నారు. టీషర్టుల సంగతి కూడా ఒక ముక్క చెప్పండి.

రీల్_టు_రీల్

టీషర్టుకు పాన్‌టోన్ కాగితం చిప్పు పనికిరాదు. బట్టకు వేరే పుస్తకం ఉంది, నంబరు చివర టీసీఎక్స్ అని ఉంటుంది, చిప్పు నూలు గుడ్డ మీదే ఉంటుంది. మీ రంగుకు దగ్గరి టీసీఎక్స్ ఎంచి, అద్దకం వాళ్ల దగ్గర ల్యాబ్ డిప్ అని అరచేయంత గుడ్డ ముక్క అద్దించుకోండి. దాన్ని ఐదుసార్లు ఉతికి, ఆరాక చూసి ఓకే చెప్పండి. నాలుగు బళ్లకు పది చొక్కాలే అయితే అద్దకం ఖర్చు దండగ. తెల్ల చొక్కా కొని గుండె మీద లోగో మాత్రం స్క్రీన్ ప్రింట్ వేయించండి. తెల్ల గుడ్డ మీద స్పాట్ సిరా నేరుగా వేసినా సరిగ్గా వస్తుంది.

పౌచ్‌కు రెండో తెలుపు వేయించి మళ్లీ సాంపిల్ తీయమనండి, అదే రెండు అట్టల మీద పెట్టండి. సరిపోయాక మూడు ముక్కలు కత్తిరించండి: మీరు ఒప్పుకునే అతి లేత షేడ్, అసలు షేడ్, అతి ముదురు షేడ్. మూడిటినీ ఒకే అట్టకు అంటించి, తేదీ వేసి, మీరూ ప్రింటరూ సంతకాలు పెట్టండి. ఇలాంటి సెట్లు మూడు కావాలి: ఒకటి ప్రెస్సు మీద, ఒకటి మీ దగ్గర, ఒకటి డిజైనర్ దగ్గర. నల్ల కవర్లో, బీరువాలో ఉంచండి. వెలుతురు తగిలితే కార్డే వెలిసిపోతుంది, అప్పుడు వెలిసిన రంగుకే అందరూ కలుపుతుంటారు. ఏడాదికోసారి కొత్త రన్ నుంచి కొత్త కార్డు, పాత కార్డుతో కలిసిందని చూశాకే. ఆర్డర్ కాగితం మీద ‘సంతకం చేసిన షేడ్ కార్డు ప్రకారం, స్పాట్ సిరా, తెలుపు రెండు పొరలు, డెల్టా ఈ 2000 లో 2 లోపు’ అని నాలుగు ముక్కలు రాయించండి. మొదటి 50 మీటర్లు నడిచాక ఒక ముక్క చింపి కార్డు మీద పెట్టి చూసి, అప్పుడే రన్ వదలమనండి.